జరిమానా రాస్తున్నారు, కొలత కూడా రాయండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ అధికారులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా కమిషనర్లకు,

నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో జీపుల అడుగుభాగం పని చేసేవాణ్ణి. కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), షాకబ్జర్లు, స్టీరింగ్ జాయింట్లు, ఇరుసులుండే హౌసింగులు, బండి కింద పడుకుని చేసే పని ఏదైనా మా షెడ్డుకి వస్తుంది. థార్, జిమ్నీ, గూర్ఖా కొన్నవాళ్లు వచ్చి "పెద్ద టైర్లు వేయించాలి, ఒక రెండంగుళాలు లేపాలి" అని అడుగుతారు. చట్టం ఒప్పుకోదని చెప్పి పంపేస్తాను. వాళ్లు ఇంటికి పోరు, పక్క వీధికి పోతారు. కొన్నాళ్లకి అదే బండి స్టీరింగ్ లాగుతోందనో, కింద ఏదో కొట్టుకుంటోందనో మళ్లీ నా దగ్గరికే వస్తుంది. ఆ పక్క వీధిలో జరుగుతున్న పని గురించే ఈ లేఖ.

చట్టం మీకు తెలియనిది కాదు. ఈ లేఖ చదివే జీపుల యజమానులకి మాత్రం చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో అక్కడే వివరణ ఉంది: బండి మౌలిక స్వరూపం మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పు. టైరు ఒక సైజు పెంచితే మౌలిక స్వరూపం మారినట్టా అని వాదించుకునే సందు అందులో ఉండేది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చేసరికి ఆ సందు చాలావరకు మూసుకుపోయింది. అదే ఏడాది చట్టానికి సవరణ వచ్చి సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేకుండా బండి మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఇంతవరకు అందరూ చెప్తారు. అదే 2019 సవరణలో సెక్షన్ 52కే ఇంకో వాక్యం చేర్చారు, దాన్ని ఎవరూ ఎత్తరు. వాహనాల మార్పులకి స్పెసిఫికేషన్లు, ఆమోదపు షరతులు, బిగింపు నియమాలు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని, అలా నిర్ణయించిన మార్పు చేయించుకుంటే ఆ కారణంగా తయారీదారు వారంటీ పోయినట్టు లెక్కించకూడదని అందులో ఉంది. అంటే తలుపు మీరే పెట్టించారు. సస్పెన్షన్‌కి, టైర్లకి సంబంధించినంత వరకు అది మూసే ఉంది.

వేరే మార్పులకి తెరిచారు. పెట్రోలు కారుకి ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ బిగించుకోవచ్చు, ఆర్‌సీలో రాయించుకోవచ్చు. డిక్కీలో 200 బార్ ఒత్తిడితో గ్యాసు నింపిన సిలిండరు పెట్టుకుని పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటున్నాం. అది తప్పని నేననడం లేదు. కిట్‌కి పరీక్ష ఉంది, బిగించేవాడికి అనుమతి ఉంది, సిలిండరుకి తనిఖీ తేదీ ఉంది, అందుకే ధైర్యం. దివ్యాంగులు తమకి అనువుగా బండి మార్పించుకోడానికి కూడా అదే సెక్షన్ 52 దారి ఇచ్చింది. పాత బండికి ఎలక్ట్రిక్ కిట్ బిగించడానికీ ప్రమాణాలు వచ్చాయి. కంపెనీదానికంటే యాభై మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్న స్ప్రింగుకి మాత్రం పరీక్షా లేదు, అనుమతీ లేదు, తనిఖీ అంతకన్నా లేదు. ఉన్నదల్లా చలానే.

దీనివల్ల ఏం జరుగుతోందో చెప్తాను. మంచి స్ప్రింగులు, దానికి తగిన షాకబ్జర్లు, పొడుగు బ్రేకు హోసులు తెప్పించుకుని పద్ధతిగా చేయించుకున్నవాడూ, లేత్ షాపులో నైలాన్ రాడ్డు కోయించి స్ప్రింగు మీద బిళ్ల పెట్టించుకున్నవాడూ మీ దృష్టిలో ఒకటే. ఇద్దరికీ 5,000. మొదటివాడికి లక్ష దాటిన ఖర్చు, రెండోవాడికి పదివేల లోపు. ఎలాగూ చట్టవిరుద్ధమే అయినప్పుడు లక్ష ఎవడు పెడతాడు? మీ నిబంధన బండి లేపడాన్ని ఆపలేకపోయింది, చవకగా లేపేవాడికి మాత్రం గిరాకీ పెంచింది.

అసలు ఎందుకు లేపుతారో, ఎక్కడ చెడిపోతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నియమం రాసే చోట ఈ తేడాలు తెలియకపోతే ఆ నియమం మళ్లీ "ఎంత ఎత్తు" అన్న ఒక్క అంకె దగ్గరే ఆగిపోతుంది.

టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద 255/65 ఆర్18 అని ఉంటే, వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. లెక్క కడితే టైరు వ్యాసం సుమారు 789 మి.మీ. 2020లో వచ్చిన థార్ పెద్ద వేరియంట్‌ది ఇదే. అదే థార్ 16 అంగుళాల రిమ్ముతో వచ్చినప్పుడు 245/75 ఆర్16 టైరు, 774 మి.మీ. అంటే ఒకే బండికి కంపెనీయే 15 మి.మీ. తేడాతో రెండు కొలతలు ఇచ్చింది. కుర్రాళ్లు ముచ్చటపడేది 285/65 ఆర్18, దగ్గర దగ్గర 828 మి.మీ. కంపెనీ టైరు కంటే 39 ఎక్కువ. అందులో సగమే ఇరుసు లేచేది, అంటే 20 మి.మీ. కూడా లేదు.

ఇక్కడొక సంగతి చాలామంది యజమానులకే ఎక్కదు. సస్పెన్షన్ లిఫ్ట్ బాడీని లేపుతుంది, హౌసింగుని లేపదు. బండి వెనక మధ్యలో ఉండే ఆ ఇనప గుండు రాయికి తగిలి ఆగిపోతుంటే, ఎన్ని అంగుళాల స్ప్రింగు వేసినా అది అక్కడే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. లిఫ్ట్ చేసే మేలు వేరు: పెద్ద టైరు తిరగడానికి చక్రం పైన ఉండే ఆర్చ్ కింద చోటు ఇస్తుంది, మిట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బంపరూ కడుపూ నేలకి తగలకుండా కోణం పెంచుతుంది. అవసరం నిజంగా ఉన్నవాడు ముందు టైరు గురించి అడుగుతాడు. షోకు కోసం వచ్చినవాడు ముందు ఎత్తు గురించి అడుగుతాడు. ఇన్నేళ్లలో ఈ లెక్క నాకు పెద్దగా తప్పలేదు.

అవసరం ఉన్నవాళ్లు ఎవరంటారా? అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒకసారి వర్షాకాలంలో తిరిగి చూడండి. బొర్రా దగ్గర నుంచి కటికి జలపాతానికి పర్యాటకుల్ని తీసుకెళ్లే జీపులు, వంజంగి కొండకి తెల్లవారుజామున ఎక్కే జీపులు, పాడేరు నుంచి సంతలకి మనుషుల్నీ మూటల్నీ కలిపి మోసే పాత మహీంద్రా కమాండర్ జీపులు. వాటి కింద దూరి చూస్తే కంపెనీ లెక్క ప్రకారం ఉన్న కమాన్ కట్ట అరుదు. పట్టీ మీద పట్టీ వేసుకుంటూ పోతారు. గెడ్డ (వాగు) దాటాలి, రాయి ఎక్కాలి, బరువు మోయాలి. డోలీలో గర్భిణిని మోసుకొచ్చే వార్త పేపర్లో వచ్చిన ప్రతిసారీ రోడ్డు ఎప్పుడు వేస్తారని అడుగుతాం, అడగాలి కూడా. ఆ రోడ్డు వచ్చేదాకా రోడ్డు మొదలయ్యే చోటికి మనిషిని చేర్చేది ఆ లేపిన జీపులే. వాటిని ఆపి ఒక్కో మార్పుకి 5,000 రాయడం మొదలుపెడితే ఏజెన్సీలో సగం బండ్లు షెడ్డులోనే ఉంటాయి. రాయడం లేదు కాబట్టి నడుస్తున్నాయి. చూసీ చూడనట్టు పోవడం ఆ డ్రైవరుకి మేలేగానీ, ఆ బండి సురక్షితమో కాదో ఎవరూ చూడడం లేదు అన్నది అందులోనే ఉంది.

రెండో రకం, షోకు కోసం లేపేవాళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జూబ్లీహిల్స్‌లో, విశాఖ బీచ్ రోడ్డులో మీరే చూస్తుంటారు. మట్టి అంటని మడ్ టైర్లు. వీళ్లకో ఉచిత సలహా: బురదలో దిగబడినప్పుడు టైరులో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించండి, తారు రోడ్డెక్కేముందు మళ్లీ నింపుకోండి. చాలాసార్లు రెండంగుళాల లిఫ్ట్ చేయలేని పని అది చేసిపెడుతుంది, దానికి ఏ సెక్షనూ అడ్డు రాదు.

ఇక పాడయ్యే సంగతి.

థార్ ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, రెంటినీ కలిపే ఒకే హౌసింగ్ లేదు. స్ప్రింగు, చక్రాన్ని పట్టుకునే కింది చేతి (లోయర్ ఆర్మ్) మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి 25 మి.మీ. బిళ్ల పెడితే చక్రం దగ్గర అంతకంటే బాగా ఎక్కువే లేస్తుంది. బిళ్ల పెట్టినవాడికి ఈ సంగతి తెలియదు, "ఒక అంగుళమే కదా" అంటాడు. చేతులు కిందికి వాలిపోతాయి, బాల్ జాయింట్ తన హద్దు దగ్గర నిలబడుతుంది, డ్రైవ్ షాఫ్టు వంపు పెరుగుతుంది. ఆ వంపులో తిరిగీ తిరిగీ జాయింటు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు బయటికి చిమ్ముతుంది, దాని చోట్లోకి ఇసుకా నీళ్లూ చేరతాయి. టక్కు టక్కుమని చప్పుడు వచ్చాక మా దగ్గరికి వస్తారు. ఇంకో విషయం, బిళ్ల ఎత్తునే ఇస్తుంది, చక్రం పైకీ కిందికీ కదిలే ఆటని ఇవ్వదు. షాకబ్జరు పొడుగు పాతదే కాబట్టి చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ అది చివరిదాకా సాగి దెబ్బ తింటుంది. నిజానికి ఆఫ్‌రోడ్‌కి కావాల్సింది ఆ ఆటే.

జిమ్నీకి ముందూ వెనకా రెండు చక్రాల్నీ కలిపే హౌసింగులే. దాన్ని లేపితే వచ్చే రోగం వేరు. బాడీ లేచేసరికి ముందు హౌసింగ్ కాస్త తిరుగుతుంది, స్టీరింగ్ క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు. హౌసింగుని బాడీకి అడ్డంగా పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్డు దాన్ని ఒక పక్కకి లాగుతుంది. సరిచేసే బుష్షులూ, పొడుగు సర్దుకునే రాడ్డూ దొరుకుతాయి, కానీ వాటికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. హైవే మీద 90 దాటాక ఒక గతుకు తగిలితే స్టీరింగ్ గజగజ వణికిపోయి, బండి ఆపేదాకా ఆగదు. ఇది జరిగినవాడు బతికుండి షెడ్డుకి వస్తే అదృష్టం.

పాత లీఫ్ జీపుల్లో నేను చూసిన అన్నిటికంటే భయంకరమైనది ముందు హౌసింగ్‌కీ కమాన్ కట్టకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టడం. అది చాలక ఒకదాని మీద ఒకటి రెండు. గట్టిగా బ్రేకు తొక్కితే హౌసింగ్ మెలితిరగడానికి చూస్తుంది, ఆ బలమంతా దిమ్మల మీద, వాటిని బిగించే యూ బోల్టుల మీద పడుతుంది. జారితే స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా చక్రాలు మీ మాట వినవు. ముందు దిమ్మ, దిమ్మ మీద దిమ్మ, ఈ రెంటినీ ఎంత ఎత్తయినా సరే నిషేధించాలి. ఇందులో బేరం లేదు.

బ్రేకుల సంగతి ఎవరికీ గుర్తుండదు. టైరు 5 శాతం పెద్దదైతే, పెడల్ మీద కాలు అంతే నొక్కినా నేల దగ్గర అందే బ్రేకు బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. పైగా మడ్ టైరు బరువెక్కువ, తిరిగేదాన్ని ఆపడం ఇంకొంచెం కష్టం. కొన్ని బండ్లలో వెనక బ్రేకుకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించే లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది, బాడీకీ హౌసింగ్‌కీ మధ్య దూరాన్ని బట్టి పనిచేస్తుంది. బండి లేపి ఆ వాల్వు రాడ్డు సర్దకపోతే, "బండి ఖాళీగా ఉంది" అనుకుని అది వెనక బ్రేకు తగ్గించేస్తుంది. లోపల ఎనిమిది మంది ఉంటారు.

స్పీడోమీటరు కూడా అంతే. జిమ్నీ కంపెనీ టైరు 195/80 ఆర్15, వ్యాసం 693 మి.మీ. దాని మీద 30 అంగుళాల టైరు ఎక్కిస్తే దాదాపు 10 శాతం పెద్దది. సరిగ్గా చూపించే మీటరైతే 80 అన్నప్పుడు బండి 88లో పోతుంటుంది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకి ఆ టైరు తిప్పడం ఎంత భారమో ఘాటు రోడ్డులో హాఫ్ క్లచ్ మీద బండి నడిపి, క్లచ్ ప్లేటు మార్పించుకున్నవాళ్లని అడగండి.

బోల్తా సంగతి లెక్కతోనే చెప్తాను. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని (ట్రాక్), బరువు కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకెని బట్టి బండి ఎంత తేలిగ్గా పల్టీ కొడుతుందో అంచనా వేస్తారు. అమెరికా రవాణా భద్రతా సంస్థ బోల్తా రేటింగుకి ముఖ్యంగా వాడేదీ ఇదే. 1,400 మి.మీ. ట్రాక్, 700 మి.మీ. ఎత్తున బరువు కేంద్రం ఉన్న బండి అనుకుందాం, అంకె 1.00. బరువు కేంద్రం 50 లేస్తే 0.93. ఏడు శాతం భద్రత పోయింది. పైన క్యారియర్ బిగించి, దాని మీద స్టెప్నీ, జెర్రీ క్యాను కట్టినవాడు ఇంకెంత పోగొట్టుకున్నాడో వేరే చెప్పాలా?

ఇవన్నీ బండిలో ఉన్నవాడి తంటా అనుకుంటే, ఎదురొచ్చేవాడిది లైటు. డిమ్ లైటుని సుమారు ఒక శాతం కిందికి వంచి పెడతారు, అంటే మీటరుకి ఒక సెంటీమీటరు. థార్ వీల్‌బేస్ (ముందు వెనక ఇరుసుల మధ్య దూరం) 2,450 మి.మీ. వెనక ముట్టుకోకుండా ముందు మాత్రం 25 మి.మీ. లేపారనుకోండి, బండి ఒక శాతం పైకి చూస్తుంది. ఉన్న వంపు మొత్తం పోయింది. డిమ్‌లో పెట్టినా ఎదుటి బైకువాడి కళ్లలోకే కొడుతుంది. స్క్రూ తిప్పి హెడ్‌లైటు దించడం ఐదు నిమిషాల పని. ఎవరూ చేయరు, ఎవరూ అడగరు కూడా.

ఇంత చెప్పాక "అందుకే కదా పూర్తిగా వద్దంటున్నాం" అని మీరనవచ్చు. షోరూములో అమ్మే బండ్లనే చూడండి. మన దేశంలో అమ్మిన జీప్ రాంగ్లర్ రూబికాన్ 32 అంగుళాల టైర్లతో దిగింది. గూర్ఖాకి స్నోర్కెల్ (ఇంజనుకి పైనుంచి గాలి అందించే గొట్టం) కంపెనీదే. ల్యాండ్ రోవర్ డిఫెండర్ ఎయిర్ సస్పెన్షన్ ఒక బటన్ నొక్కితే 75 మి.మీ., కష్టం వచ్చినప్పుడు ఇంకో 70, మొత్తం 145 మి.మీ. దాకా లేస్తుంది. కోటి పెట్టినవాడికి 145 చట్టబద్ధం, పదిహేను లక్షలవాడికి 50 నేరం అని తేలిగ్గా అనేయొచ్చు, కానీ అది నిజాయితీ కాదు. డిఫెండర్ రోడ్డు మీద వేగం పుంజుకుంటే తనంతట తానే దిగిపోతుంది, దాని బ్రేకులూ స్టెబిలిటీ కంట్రోలూ ఆ ఎత్తుకి పరీక్షించినవి. నేనడిగేది కూడా ఆ పరీక్షే.

వేరే దేశాలు ఈ చిక్కు దాటాయి. ఆస్ట్రేలియాలో వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి ఉంది. దాని వెంట క్వీన్స్‌ల్యాండ్ లాంటి రాష్ట్రాల్లో ఫోర్‌బైఫోర్ బండ్లకి సస్పెన్షన్‌లో 50 మి.మీ., టైరు వ్యాసంలో 50 మి.మీ. దాకా పెంచుకోవచ్చు. టైరులో పెరిగిన యాభైలో బండి లేచేది ఇరవై ఐదే కాబట్టి మొత్తం 75. ఆ లోపల ప్రత్యేక సర్టిఫికెట్ అక్కర్లేదు, అది దాటితే ఇంజనీరు పరీక్ష, కాగితం. జర్మనీలో విడిభాగానికి దాని తయారీదారు పరీక్షా నివేదిక తెస్తాడు, బిగించాక తనిఖీ సంస్థ చూసి ఆమోదిస్తుంది. జిమ్నీ పుట్టిన జపాన్‌లో నమోదైన ఎత్తుకి 4 సెంటీమీటర్ల అటూ ఇటూ తేడాని మామూలుగానే తీసుకుంటారు. ఈ దేశాలేవీ రోడ్డు భద్రతలో మనకంటే వెనకబడి లేవు.

మనకి ఆస్ట్రేలియా అంకెలు దగ్గరగా సరిపోతాయని నా అభిప్రాయం. బండ్ల తరహా ఒకటే, ఛాసిస్ మీద బాడీ, లో రేంజ్ గేరు. సెక్షన్ 52 కింద ఒక నోటిఫికేషన్ ఇచ్చి, విడి ఛాసిస్, లో రేంజ్ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు వెనక ఇరుసులకి పంచే గేరుపెట్టె) ఉన్న బండ్లకే ఈ వెసులుబాటు ఇవ్వండి. సిటీ ఎస్‌యూవీలని లేపాలని వచ్చేవాళ్లూ ఉన్నారు, వాటికి వద్దు. స్ప్రింగులు, షాకబ్జర్లు, బ్రేకు హోసులు, క్యాస్టర్ సర్దే సామాను, అన్నీ కలిపి ఒక కిట్‌గా, ఒక్కో మోడల్‌కి విడిగా పరీక్షించాలి. పుణేలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐకాట్, చెన్నై దగ్గర జీఏఆర్‌సీ అనే వాహన పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. బ్రేకు దూరం, లేన్ మార్పు పరీక్ష కిట్‌తో చేసి చూడమనండి. ఆ ఖర్చు కిట్ తయారీదారు పెట్టుకుంటాడు, సీఎన్‌జీ కిట్లవాళ్లు పెట్టుకోలేదా? టైరు లోడ్ ఇండెక్సు (అది మోయగల బరువు చెప్పే అంకె) కంపెనీ టైరుకి తగ్గకూడదు, ఆర్చ్ దాటి బయటికి రాకూడదు. రిమ్ము వెనక వేసే వీల్ స్పేసర్లు పూర్తిగా వద్దు.

బిగించాక బండి తనిఖీకి రావాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని మా తరంవాళ్లం ఇంకా బ్రేకిన్‌స్పెక్టరు అనే పిలుస్తాం, ఆయన బండి ముందు నిలబడి కంటితో చూసి చెప్పే పని కాదిది. ఫిట్‌నెస్ కోసం మీరు పెట్టిస్తున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో రోలర్ బ్రేక్ టెస్టరు, సైడ్ స్లిప్ టెస్టరు, హెడ్‌లైట్ టెస్టరు, జాయింట్లలో లూజు పట్టే యంత్రం ఉంటాయి. పైన నేను చెప్పిన రోగాల్లో చాలావరకు ఆ నాలుగు యంత్రాలకే దొరుకుతాయి. సొంత బండ్లకి కూడా ఈ ఒక్క పనికి ఆ లైను తెరవండి, ఫీజు తీసుకోండి. నెగ్గితే కిట్ నంబరు, టైరు సైజు, కొత్త ఎత్తు ఆర్‌సీలో ఎక్కించండి. అప్పుడు రోడ్డు మీద ఆపిన అధికారికి టేపు, ఆర్‌సీ ఉంటే చాలు. బీమా కంపెనీకి కూడా "మాకు చెప్పకుండా మార్చారు" అనే మాట మిగలదు. ఇప్పుడు యాక్సిడెంటు అయ్యాక క్లెయిమ్ తిరగ్గొట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

అమ్మేవాడి సంగతి విడిగా చెప్పాలి. 2017 చివర్లో బుల్ బార్ల (ముందు బంపరు మీద బిగించే ఇనప కడ్డీల) మీద మీరు రాష్ట్రాలకి ఉత్తరం రాశారు, పోలీసులు రోడ్డు మీద ఆపి పీకించారు, యజమానులు జరిమానా కట్టారు. తయారుచేసి అమ్మిన దుకాణాలు అలాగే నడిచాయి. బిళ్లల విషయంలోనూ అదే జరుగుతోంది. ప్రమాణాలకి నిలవని భద్రతా విడిభాగం అమ్మితే ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా 182ఏలోనే ఉంది. ఇనప దిమ్మలూ నైలాన్ బిళ్లలూ వీల్ స్పేసర్లూ ఆ పరిధిలోకి వస్తాయని స్పష్టంగా నోటిఫై చేయండి. ఇంటికి పార్సిల్లో పంపే ఆన్‌లైన్ అమ్మకందార్లకి కూడా వర్తింపజేయండి. రోడ్డు మీద వంద బండ్లు ఆపడం కంటే ఇది తక్కువ పని.

ఏజెన్సీ జీపులకి వేరే ఏర్పాటు కావాలి. పాత కమాండర్‌కి ఏ కంపెనీ కిట్ తయారుచేసి పరీక్ష చేయించదు, అది తీరని మాట. వాటికి కమాన్ పట్టీలు ఎన్ని వేయొచ్చు, యూ బోల్టు ఎంత లావు ఉండాలి, ఎంతమందిని ఎక్కించాలి అని ఒక పేజీలో రాసి, పాడేరు, రంపచోడవరం లాంటి చోట్ల నెలకోసారి తనిఖీ శిబిరం పెడితే చాలు. తప్పు దొరికితే జరిమానాకి ముందు సరిచేసుకోడానికి గడువు ఇవ్వండి. ఆ డ్రైవరు దగ్గర 5,000 ఉంటే ముందు బ్రేకు లైనర్లే మార్పించేవాడు.

ఇప్పటికే లేపి తిరుగుతున్న బండ్లకి నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టండి. ఆ లోపల తనిఖీకి వచ్చినవాడి మీద పాత కేసు పెట్టొద్దు. నెగ్గితే నమోదు, లేకపోతే కంపెనీ ఎత్తుకి దించుకుని మళ్లీ రావాలి. గడువు దాటాక దొరికితే 5,000 దగ్గర ఆగొద్దు, బండి సీజ్ చేయండి. జీపుల క్లబ్బులవాళ్లకి ఈ చివరి వాక్యం నచ్చదని తెలుసు. నోటిఫికేషన్ రావాలంటే వాళ్లు కూడా ఈ ముక్క ఒప్పుకోవాలి.

ఏ మార్పు తెచ్చినా ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటారు కదా. దాన్ని తెలుగులో కూడా పెట్టించండి. ఈ పని చేసేవాళ్లలో చాలామందిమి ఇంగ్లీషు గెజిట్ చదవలేం, కానీ ఏ బుష్షు ఎన్ని కిలోమీటర్లకి పోతుందో చెప్పగలం. కమిటీ వేస్తే ఇంజనీర్లతో పాటు ఆటోనగర్ నుంచి, గాజువాక నుంచి ఇద్దరు ముగ్గురు మెకానిక్కుల్ని కూర్చోబెట్టండి. పిలిస్తే షెడ్డు మూసుకుని వస్తాను, నాకు టీఏ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
జీపుల సస్పెన్షన్ పని చేసే ఒక మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ